పరుగు ప్రశ్నలు: ఎముక లెక్క వేరు, నరం లెక్క వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న, దెబ్బ తగిలింది మళ్ళీ ఎప్పుడు పరిగెత్తొచ్చు అని. షూస్ గురించి, తిండి గురించి అడిగినవాళ్ళకి వచ్చే నెల రాస్తా, ఈసారి పేజీలన్నీ వీళ్ళకే. ఉత్తరాల్లోకి వెళ్ళే ముందు ఒక్క మాట. మనవాళ్ళం కాల్లో ఎక్కడ నొప్పి వచ్చినా "నరం పట్టేసింది" అనేస్తాం, ఎముక చిట్లినా అదే మాట, కండ లాగినా అదే మాట, మడమ దగ్గర పట్టీ వాచినా అదే మాట. దాంతో మందు కూడా అన్నిటికీ ఒకటే అయిపోతుంది, కొంచెం రెస్టు, కొంచెం బామ్, తగ్గగానే మళ్ళీ రోడ్డు మీదకి. కింద ఉన్న ఉత్తరాలు చదవండి, ఒకరికి పరిగెత్తొద్దు అంటున్నా, ఇంకొకరికి నొప్పి ఉన్నా సరే పరిగెత్తండి అంటున్నా. రెండూ మనసారా చెప్తున్నవే.

అన్నా, నాకు 34 ఏళ్ళు, కూకట్‌పల్లిలో ఉంటా, ఐటీ జాబ్. రెండేళ్ళుగా పరిగెడుతున్నా, 10కెలు చాలా చేశా, హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) ఒకటి చేశా. ఈసారి హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ మంచి టైమ్‌లో చెయ్యాలని ఏప్రిల్‌లో వారానికి 25 కిలోమీటర్ల నుంచి మూడు వారాల్లోనే 50కి పెంచేశా. కుడి కాలు కింద లోపలి వైపు నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, సరే అని ఇంకో రెండు వారాలు పరిగెత్తా, చివరికి జూన్ మొదట్లో ఎంఆర్ఐ తీస్తే టిబియా స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే మోకాలి కింది పెద్ద ఎముక సన్నగా చిట్లిందని తేలింది. ఆరు వారాలు రన్నింగ్ వద్దన్నారు. ఇప్పుడు ఏడో వారం, నడిస్తే అస్సలు నొప్పి లేదు. ఆగస్టు చివర్లో రేస్, ఇంకా ఐదు వారాలుంది. అమెరికా రన్నర్ జోన్ బెనోయిట్ మోకాలి ఆపరేషన్ అయిన 17 రోజులకే మారథాన్ గెలిచింది కదా, నేను నెమ్మదిగా అయినా హాఫ్ పూర్తి చెయ్యలేనా?

తమ్ముడూ, ముందు అసలు సంగతి చెప్పేస్తా, ఈ ఆగస్టులో హాఫ్ వద్దు. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది ఎందుకంటే సరిగ్గా నీలాంటి స్థితిలో నేనూ ఉన్నా ఒకప్పుడు, అదే ఎముక, అదే ఆరు వారాలు, అదే "నడిస్తే నొప్పి లేదు" అనే ధైర్యం. రేస్‌కి వెళ్ళా, 14వ కిలోమీటర్ దగ్గర కాలు కింద పెట్టలేకపోయా, రోడ్డు పక్కన డివైడర్ మీద కూర్చుని ఆటో కోసం చూశా. మొదటిసారి పోయింది రెండు నెలలు, రెండోసారి ఐదు నెలలు. ఆ ఐదు నెలలు నీకు రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నడిస్తే నొప్పి లేదు అంటే ఎముక అతికింది అని కాదు, నడక బరువుకి సరిపడా అతికింది అని. ఎముక చిట్లినప్పుడు శరీరం ముందు పాడైన భాగాన్ని తొలిచి తీసేస్తుంది, ఆ తర్వాతే కొత్త ఎముక పోస్తుంది, పోసింది గట్టిపడటానికి ఇంకా టైమ్ పడుతుంది, మొత్తం కలిపి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ వేశాక మర్నాటికే పైన గట్టిగా కనిపిస్తుంది, మనిషి ఎక్కి నడవొచ్చు కూడా, అలా అని సెంట్రింగ్ పీకేస్తామా, రోజూ నీళ్ళు కట్టి ఆగుతాం కదా. నీ కాలు ఇప్పుడు ఆ స్లాబ్. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు నేల నుంచి కాలికి తగులుతుంది, నువ్వు రెండున్నర గంటల్లో హాఫ్ చేస్తావనుకుంటే నిమిషానికి 165 అడుగుల లెక్కన ఒక్క కుడికాలు మీదే 12 వేల పైచిలుకు సార్లు. అందులోనూ మన హైదరాబాద్ రూట్ అంటే ఫ్లైఓవర్లు, ఎక్కేటప్పుడు ఊపిరికి కష్టం, దిగేటప్పుడు కాలికి కష్టం, ఆ దిగడమే నీకు ప్రమాదం.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని రెండు వారాలు పరిగెత్తావు చూడు, అక్కడ నీ తప్పు లేదు, చాలామందికి జరిగేదే. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడదు చాలాసార్లు. ఇది చదివేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోండి, ఒక్కచోట వేలు పెట్టి ఇక్కడే అని చూపించగలిగే నొప్పి ఉంటే, గెంతితే అక్కడే పొడిస్తే, ఎక్స్‌రే బాగుంది కదా అని ఊరుకోవద్దు.

ఇక జోన్ బెనోయిట్ సంగతి. నువ్వు చెప్పింది నిజమే, 1984 ఏప్రిల్ 25న ఆవిడకి మోకాలికి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రం పెట్టి చేసే ఆపరేషన్) చేశారు, మే 12న అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ గెలిచింది, ఆగస్టు 5న లాస్ ఏంజిలిస్‌లో ఆడవాళ్ళకి మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఆ కథ చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆవిడకి మోకాల్లో అడ్డం పడిన పొర లాంటిదాన్ని తీసేశారు, అది తీశాక అడ్డు పోయింది, ఎముకకి ఏమీ కాలేదు. అయినా తొందరపడి ప్రాక్టీస్ మొదలెడితే ఆ కాలిని కాపాడుకునే ప్రయత్నంలో ఇంకో కాలి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండ) పట్టేసింది. ఎముక కథ కావాలంటే బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌ది చూడు. 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన మనిషి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి కొన్ని నెలల ముందు తొడ ఎముకకి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది, ప్రపంచంలోనే మంచి వైద్యం, నీళ్ళలో ట్రైనింగ్, అన్నీ ఉన్నాయి, పట్టుదల గురించి చెప్పక్కర్లేదు, అయినా ఆ రోజు వచ్చింది 23వ స్థానం. ఎముక ఎవరి పేరూ చూడదు తమ్ముడూ.

సరే, చెయ్యకూడనిది అయిపోయింది, చెయ్యాల్సింది చెప్తా. ముందు మూడు పరీక్షలు ఇంట్లోనే చేసుకో. అరగంట చురుగ్గా నడిచినా, మర్నాడు కూడా ఏమీ అనిపించకూడదు. దెబ్బ తగిలిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే రెండో కాలికీ దీనికీ తేడా ఉండకూడదు. ఒంటికాలి మీద పదిసార్లు గెంతితే పొడవకూడదు. గెంతే పరీక్ష చివర్లో, మొదటి రెండూ పాస్ అయ్యాకే. ఈ మూడూ అయ్యాక నిన్ను చూసిన డాక్టర్‌కి ఒకసారి చూపించి సరే అనిపించుకుని అప్పుడు మొదలెట్టు. రోజు విడిచి రోజు, 4 నిమిషాలు నడక 1 నిమిషం పరుగు, అలా ఆరుసార్లు, అరగంట. అది మూడుసార్లు ఏ నొప్పీ లేకుండా జరిగితే 3 నడక 2 పరుగు, తర్వాత 2 నడక 3 పరుగు, తర్వాత 1 నడక 4 పరుగు, ఆ తర్వాత అరగంట ఆగకుండా. లెక్క వేసుకో, ఒక్కో మెట్టుకి మూడేసి సార్లు, రోజు విడిచి రోజు అంటే మొత్తం నెల. అంటే అన్నీ సవ్యంగా జరిగినా రేస్ రోజుకి నువ్వు ఆగకుండా పరిగెత్తగలిగేది 4, 5 కిలోమీటర్లు, రేస్ 21.1. ఇంక వాదించడానికి ఏముంది చెప్పు.

ఈ మెట్ల దగ్గర ఒక్క రూల్, ఎముక విషయంలో నొప్పి అంటే సున్నా. కొంచెం కొంచెంగా ఉంది పర్లేదు అనేది ఎముకకి చెల్లదు, అనిపించిన క్షణం ఆపి నడుచుకుంటూ ఇంటికి వచ్చెయ్, రెండు రోజులు ఆగి ఒక మెట్టు కిందకి దిగు. స్పీడ్ పని, ఫ్లైఓవర్లు అన్నీ అరగంట పరుగు రెండు మూడు వారాలు హాయిగా సాగాకే. తర్వాత దూరం పెంచేటప్పుడు కూడా వారం మొత్తం కిలోమీటర్లే కాకుండా, ఆ ఒక్క లాంగ్ రన్ గత నెల రోజుల్లో చేసిన అన్నిటికన్నా పొడుగు రన్‌ని పదో వంతుకి మించి దాటకుండా చూసుకో. 25 నుంచి 50కి మూడు వారాల్లో ఎగబాకడమే నీ ఎముకని చిట్లించింది, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి, ఎముకకి నెలలు కావాలి, నీకు ఆయాసం రాలేదు కాబట్టి బాగానే ఉన్నా అనుకున్నావు.

ఈలోపు దమ్ము పోతుందని భయపడకు. సైకిల్ తొక్కు, ఈత వస్తే ఈత, కాళ్ళు అందని లోతులో నడుముకి ఫ్లోట్ బెల్ట్ కట్టుకుని నీళ్ళలోనే పరిగెత్తినట్టు చెయ్యి, నలభై నిమిషాలు చేసి చూడు ఎంత చెమట పడుతుందో నీళ్ళలో తెలియదు గానీ గుండె మాత్రం చెప్తుంది. విటమిన్ డి ఒకసారి టెస్ట్ చేయించుకో, పొద్దున చీకట్లో పరుగు, పగలంతా ఏసీలో ఆఫీసు, ఎండ తగిలేది ఎప్పుడు. బిబ్ (రేస్ నంబరు) డబ్బులు పోతే పోయాయి, ఆ రోజు మీ ఫ్రెండ్స్ వచ్చే దారిలో ఏదో ఒక ఫ్లైఓవర్ మీద అరటిపళ్ళు, ఉప్పు పట్టుకుని నిలబడు. జనవరిలో చెన్నై ఉంది, ముంబై ఉంది, ఆ చలికాలం రేసులకి నీకు ఐదు నెలల పైన టైమ్ ఉంది, ఆ టైమ్ చాలా ఎక్కువ.

నమస్తే సార్. మాది సూర్యాపేట దగ్గర పల్లె, డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ప్రాక్టీస్ చేస్తున్న. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల ఉరకాలె, నాకు మొన్న ట్రయల్‌ల 4 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. పొద్దుగాల 5 గంటలకు ఏం తినకుండ పోయి సీసీ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు ఉరుకుతం, మళ్ళ సాయంత్రం 800 మూడు సార్లు ఫుల్ స్పీడ్‌ల కొడతం, ఆదివారం కూడ సెలవు లేదు. నెల నుంచి రెండు కాళ్ళకు పిక్క లోపలి పక్క ఎముక పొంట నొప్పి. ఉరకంగ ఉరకంగ తగ్గుతది, మళ్ళ పొద్దుగాల లేస్తే మొదలు. మా నాయనమ్మ పసరు కట్టు కట్టిద్దాం అంటది, ప్రాక్టీస్ చేయించే సార్ నొప్పి ఉన్నా ఉరికితెనే పోతది అంటడు. షూస్ కాన్వాస్‌వి. మూడు నెలల నుంచి నెలసరి కూడ వస్తలేదు, దానికీ దీనికీ సంబంధం లేదేమో గానీ చెప్తున్న. ఈవెంట్స్‌కి రెండు నెలలు ఉండొచ్చు. ఏం చెయ్యాలె సార్?

తల్లీ, నువ్వు చివర్లో సంబంధం లేదేమో అని రాసిన మాటే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అది రాసినందుకు నీకు దండం పెట్టాలి, చాలామంది ఆడపిల్లలు సిగ్గుపడి చెప్పరు, చెప్పకపోవడం వల్ల ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్ళని చూశా. ఒళ్ళు ఖర్చు పెట్టేదానికి సరిపడా తిండి అందకపోతే శరీరం ముందు ఆపేసేది నెలసరినే, ఎందుకంటే బతకడానికి అది వెంటనే అక్కర్లేదు కాబట్టి. అది ఆగితే ఎముకకి బలం ఇచ్చే హార్మోన్ కూడా తగ్గిపోతుంది. అంటే నువ్వు సీసీ రోడ్డు మీద రోజూ కొడుతున్నది రిపేర్ చేసుకోలేని ఎముకని. కాబట్టి మొదటి పని ఈ వారమే మీ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో లేడీ డాక్టర్‌కి చూపించుకో, అమ్మని తోడు తీసుకెళ్ళు, రక్తం ఎంత ఉందో, థైరాయిడ్ ఎలా ఉందో టెస్ట్ రాయమను, ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నానని, కాళ్ళు నొప్పులని కూడా చెప్పు.

రెండో పని, ఆ నొప్పి ఏంటో తేల్చుకోవాలి. మంచం మీద కూర్చుని కాలి లోపలి ఎముక అంచు వెంట పైనుంచి కిందకి వేలితో నొక్కుకుంటూ రా. నొప్పి బెత్తెడు పొడవునో ఇంకా ఎక్కువో పరుచుకుని ఉంటే, రెండు కాళ్ళకీ ఉంటే, పరిగెత్తగా పరిగెత్తగా తగ్గుతుంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్, ఎముక మీద పొర, దానికి అతుక్కున్న కండ అలిసిపోయి మొత్తుకుంటున్నాయి. అలా కాకుండా ఒకే చోట రూపాయి బిళ్ళంత మేర సూదిలా ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే అది ఎముక చిట్లడం కావొచ్చు, అప్పుడు ప్రాక్టీస్ పూర్తిగా ఆపి ఎముకల డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి, పైన కూకట్‌పల్లి అన్నకి రాసింది చదువు. నీ వర్ణన మొదటిదానిలా ఉంది, కానీ నెలసరి ఆగిన మనిషికి రెండోదాని భయం ఎక్కువ, అందుకే డాక్టర్ చెయ్యి పడాలి అంటున్నా.

ఉరికితేనే పోతది అన్న మీ సార్ మంచి ఉద్దేశంతోనే అన్నాడు, కానీ పరిగెత్తేటప్పుడు తగ్గడం వేడికి, మర్నాడు పొద్దున ఎలా ఉందనేదే అసలు నిజం. నాయనమ్మ ప్రేమకి వంక పెట్టను గానీ బిగించి కట్టు కట్టినా, ఆ ఎముక మీద గట్టిగా మాలిష్ చేసినా ఇంకా రేగుతుంది, పసరు కట్టే చేతులతో రోజూ రాగి జావ కాచి పెట్టమను, 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది ఆమె చేసే వైద్యాల్లో గొప్పది అవుతుంది. ఖాళీ కడుపుతో పోవడం ఈ రోజు నుంచి బంద్. లేవగానే ఒక అరటిపండో, బెల్లం ముక్కతో గుప్పెడు పల్లీలో, వచ్చాక గంటలోపు కడుపునిండా అన్నం పప్పు గుడ్డు. బరువు పెరిగితే ఉరకలేను అనే భయం వద్దు, తిన్న ఒళ్ళే ఉరుకుతుంది.

ఇప్పుడు ప్రాక్టీస్ లెక్క. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లంటే 400 మీటర్ల రౌండుకి 2 నిమిషాల 40 సెకన్లు. నీకు 4 నిమిషాల 50 వస్తోంది, అంటే 30 సెకన్లు నీ చేతిలో ఉన్నాయి తల్లీ! నువ్వు క్వాలిఫై అయ్యే స్థితిలో ఉన్నావు, ఇప్పుడు కావాల్సింది ఆ రోజు వరకు కాళ్ళని కాపాడుకోవడం. డాక్టర్ ఎముక బాగుంది అంటే రెండు వారాలు పరుగు సగానికి తగ్గించు, వారానికి మూడే రోజులు, అదీ కాలేజీ గ్రౌండ్‌లో మట్టి మీద, ఒక రోజు కుడి వైపు తిరిగితే ఇంకో రోజు ఎడమ వైపు. మిగతా రోజులు సైకిల్, మీ ఊర్లో ఎవరిదో ఒకరిది పాత సైకిల్ దొరుకుతుంది. ఫుల్ స్పీడ్ 800 వారానికి ఒక్కసారి చాలు, రోజుకి మూడుసార్లు ఎవరికీ అక్కర్లేదు. గుమ్మం మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు పైకి లేపడం కిందకి దించడం, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో, మోకాలు నిటారుగా పెట్టి కొన్ని, కొంచెం వంచి కొన్ని, ఒక్కో కాలికి ఆగకుండా 25 వచ్చేదాకా రోజు విడిచి రోజు పెంచుకుంటూ పో, పిక్క బలంగా ఉంటే ఎముక మీద పడే దెబ్బ అది కాస్తుంది. కాన్వాస్ షూస్ మార్చు, ఖరీదైనవి వద్దు, కింద మెత్త ఉండి వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండే మామూలు రన్నింగ్ షూ ఏదైనా సరే, అవి ఈవెంట్స్ కన్నా కనీసం మూడు వారాల ముందే కొని అలవాటు చేసుకో.

నమస్కారమండి, మాది విశాఖపట్నం, నాకు 52. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే టైమ్‌లో వెళ్ళి ముందు నడక, తర్వాత పరుగు అలవాటు చేసుకున్నాను, కిందటేడు 10కె కూడా చేశానండి. నాలుగు నెలల నుంచి ఎడమ మడమ కింద నొప్పి, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వెయ్యాలంటే ఏడుపు వస్తుంది, పది అడుగులయ్యాక తగ్గుతుంది. ఎక్స్‌రేలో మడమలో ముల్లులా ఎముక పెరిగిందన్నారు. రెండు నెలలు పూర్తిగా మానేసి రెస్ట్ తీసుకున్నాను, ఏమీ తగ్గలేదు. ఇసకలో నడిస్తే మంచిదని అంటున్నారు. సుగర్ ఉంది, కంట్రోల్‌లోనే. ఇంక పరుగు మానెయ్యాల్సిందేనాండి?

మానక్కర్లేదండి. మీది అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే గట్టి పట్టీ నొప్పి, ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు, మొదటి అడుగు ఏడిపించడమే దాని గుర్తు. ఆ ముల్లు మాట విని భయపడకండి, ఏ నొప్పీ లేని ఎంతోమంది మడమల్లో కూడా ఎక్స్‌రే తీస్తే ఆ ముల్లు కనిపిస్తుంది, మీ నొప్పికి కారణం అదే అనలేం.

రెండు నెలలు రెస్ట్ తీసుకున్నా తగ్గలేదని రాశారు చూశారా, అదే దీనికీ ఎముకకీ తేడా. పట్టీకీ, మడమ వెనక మనం నరం అనేసే టెండన్‌కీ (పిక్క కండని మడమ ఎముకకి కట్టే తాడు) ఉత్త రెస్ట్ ఇస్తే ఇంకా బలహీనపడతాయి, వాటికి కావాల్సింది కొలిచి పెట్టే బరువు. ఒక టవల్ చుట్ట చుట్టి మెట్టు మీద పెట్టి దాని మీద కాలి వేళ్ళు పైకి లేచి ఉండేలా నిలబడి, గోడ పట్టుకుని మూడు సెకన్లు లెక్కపెడుతూ మడమ లేపండి, పైన రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో దించండి. మొదట్లో రెండు కాళ్ళతో, అలవాటయ్యాక నొప్పి ఉన్న ఒంటికాలితో, పన్నెండేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు, మూడు నెలలు ఓపిగ్గా. చేసేటప్పుడు కొంచెం నొప్పి వస్తుంది, రానివ్వండి.

ఎంత రానివ్వాలంటే, పదికి మూడు మార్కుల దాకా. పరుగుకీ అదే లెక్క. ఇప్పుడు వారానికి మూడు రోజులు రెండేసి కిలోమీటర్లు నెమ్మదిగా మొదలెట్టండి, పరిగెత్తేటప్పుడు మూడు లోపు ఉండాలి, మర్నాడు పొద్దున మొదటి అడుగు నొప్పి ముందు రోజు కన్నా పెరగకూడదు. ఆ మొదటి అడుగే మీ మీటర్, ఒక డైరీలో రోజూ మార్కు వేసుకోండి. ఇసక వద్దండి, పొడి ఇసకలో మడమ లోపలికి దిగి పట్టీ ఇంకా సాగుతుంది, తడి ఇసక ఒక పక్కకి వాలుగా ఉంటుంది, మీకు ఆ తారు రోడ్డే నయం. ఇంట్లో గచ్చు మీద, టైల్స్ మీద చెప్పుల్లేకుండా గంటలు గంటలు నిలబడి వంట చెయ్యడం మాత్రం ఆపండి, ఇంట్లోకి విడిగా ఒక మెత్తని జత పెట్టుకోండి, మంచం పక్కనే ఉంచి దిగగానే వేసుకోండి. నలభై దాటిన ఆడవాళ్ళకి ఈ నొప్పి రావడానికి మన ఇళ్ళ గచ్చులు కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. సుగర్ ఉంది కాబట్టి ఒక్కసారి డాక్టర్‌తో అరికాళ్ళ స్పర్శ చెక్ చేయించుకోండి, మంటలు తిమ్మిర్లు ఉంటే కథ వేరు. ఈ నొప్పి వెళ్ళడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది, కానీ ఎక్కువమందికి వెళ్ళిపోతుందండి.

సార్, మోకాలి నొప్పి ఉంది, రేస్ రోజు పొద్దున ఒక పెయిన్ కిల్లర్ వేసుకుని పరిగెత్తెయ్యొచ్చా? మా గ్రూప్‌లో చాలామంది వేసుకుంటారు. — విజయవాడ

వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, మన ఉక్కలో చెమట కారి ఒళ్ళు ఎండిపోయినప్పుడు కిడ్నీ అసలే కష్టంలో ఉంటుంది, రెండూ కలిస్తే ప్రమాదం, కడుపులో పుండు సంగతి సరేసరి. అదీకాక ఆపు అని చెప్పే ఒక్క నోరు కూడా నువ్వే నొక్కేస్తే మోకాలికి ఎవరు చెప్తారు. మాత్ర వేసుకుంటే తప్ప పరిగెత్తలేని రోజు అది నీ రేస్ రోజు కాదు. గ్రూప్‌లో మిగతావాళ్ళకి కూడా ఇది చూపించు.

అన్నయ్యగారూ, డాలస్ నుంచి రాస్తున్నాను. మా ఆయన వీకెండ్ క్రికెట్ ఆడుతూ మోకాలు తిప్పుకున్నారు, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) తెగింది, మే రెండో వారంలో సర్జరీ అయింది. ఫిజియోకి బాగానే వెళ్తున్నారు. ఇప్పుడు నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ రోజు జరిగే టర్కీ ట్రాట్ అనే పరుగులో 5కె పరిగెడతానని రిజిస్టర్ చేసేశారు, అక్టోబర్ నుంచే మళ్ళీ క్రికెట్ అంటున్నారు. నేను వద్దంటే భయస్తురాలివి అంటారు. మీరు చెప్తే వింటారేమో.

అమ్మా, ఇందులో సగం ఆయనకి ఇచ్చేద్దాం, సగం మీకు. 5కె సాధ్యమే, క్రికెట్ కుదరదు. తిన్నగా పరిగెత్తడం వేరు, బంతి కోసం పరిగెడుతూ గభాలున ఆగి తిరగడం వేరు. కొత్తగా వేసిన లిగమెంట్ లోపల రక్తనాళాలు పట్టి బలపడటానికి చాలా నెలలు పడుతుంది, మలుపులు తిరిగే ఆటలకి కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, ఆయన లెక్కలో అది ఫిబ్రవరి, అప్పుడు కూడా గెంతే పరీక్షలు, బలం పరీక్షలు పాసయ్యాకే. తొమ్మిది లోపు వెళ్ళినవాళ్ళకి మళ్ళీ తెగే అవకాశం చాలా ఎక్కువ. మన వైజాగ్ హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజీకి, స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంట దూకుతూ పరిగెత్తే రేస్) అవినాష్ సాబ్లేకి ఇద్దరికీ 2025లో మోకాలి దెబ్బలే, అవినాష్‌కి జులైలో మొనాకో రేస్‌లో పడి ఇదే ఏసీఎల్. ఇద్దరూ ఆ ఏడాది టోక్యో వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదులుకున్నారు. దేశం కోసం పరిగెత్తేవాళ్ళే ఆగారు, వీకెండ్ లీగ్‌కి ఆగడం చిన్నతనం కాదని ఆయనకి నా మాటగా చెప్పండి.

పరుగు మొదలెట్టడానికి ఆయన ఫిజియోని మూడు విషయాలు అడగమనండి. మోకాల్లో వాపు పూర్తిగా పోయిందా, రెండో కాల్లా పూర్తిగా చాపుకుంటోందా, తొడ ముందు కండ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 70 శాతం దాటిందా. అవును అంటే సెప్టెంబర్‌లో ట్రెడ్‌మిల్ మీద నడక పరుగు కలిపి మొదలెట్టొచ్చు, పైన కూకట్‌పల్లి తమ్ముడికి ఇచ్చిన నిమిషాల మెట్లే ఈయనకీ. ఇక్కడ చూడాల్సింది నొప్పి కన్నా వాపు, పరిగెత్తిన మర్నాడు పొద్దున మోకాలి చిప్ప పైన టేపుతో చుట్టుకొలత తీసి రాసుకోమనండి, ఒక సెంటీమీటర్ పెరిగినా ఆ వారం మెట్టు ఎక్కొద్దు. ఆ కొలత మీరు తియ్యండి, ఆయన తీసుకుంటే కొంచెం బిగించి కొలుస్తారు. నవంబర్ చలిలో బయట పరిగెత్తే ముందు పది నిమిషాలు లోపలే ఒళ్ళు వేడెక్కించుకోవాలి, 5కె రోజు జనం మధ్యలో కాకుండా వెనక నుంచి మొదలెట్టాలి, అక్కడ పిల్లలు, కుక్కలు, స్ట్రోలర్లు అడ్డం వస్తాయి, గభాలున తప్పుకోవడమే ఆయన చెయ్యకూడనిది. వీలైతే మీరు కూడా పేరు ఇచ్చి పక్కనే నడవండి, మర్నాడు టేపు కొలత ఎంత వచ్చిందో నాకు రాయండి.